మేడమీది వాడి సినిమా చూశాను

చిట్టితల్లీ,

నీ గొంతు విని పదకొండు రోజులైంది. షూటింగ్ పనుల్లో ఉండి ఉంటావని మీ అమ్మకి చెప్తున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వెనక గది కప్పు కారడం ఆగింది. పెద్దత్త మోకాలికి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఊరికే నాలుగు కబుర్లు రాద్దామని కూర్చున్నాను, అంతే.

నిన్న మ్యాట్నీకి వెళ్లి మన మేడమీది వాడు తీసిన సినిమా చూసొచ్చాను. హాల్లో నలభై మంది కూడా లేరు. నా వెనక వరుసలో నలుగురు కుర్రాళ్లు ప్రతి సీనుకీ 'ఇది ఎందులోదో చెప్పుకో' అని పందేలు కాస్తున్నారు. అందులో నాన్నమ్మ ఆవకాయ జాడీకి వాసెన కడుతుంది చూడు, తాడు కొస పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులా బిగిస్తూ. 'కొరియన్ సినిమాలోదిరా' అన్నాడొకడు. అది మా అమ్మరా అని వెనక్కి తిరిగి చెప్పాల్సింది, నోరు రాలేదు. వాడు మన వంటింటి గడప మీద కూర్చుని చూసిందే కదా అది. నువ్వూ పక్కనే ఉన్నావు.

రిలీజు రోజు హాలు బయట మైకులో నువ్వు 'ఎక్కడో చూసినట్టుంది' అన్నావని చిన్నబాబాయి అంటున్నాడు. ఆ ముక్కే థంబ్‌నెయిల్స్‌కి ఎక్కిందట. నిజమో కాదో నేనడగను. గ్యాస్ ట్యూబు మార్పించావా? రెండేళ్లు దాటింది.

ఫిల్మ్ సొసైటీ రోజుల గురించి నీకు చాలా చెప్పాను గానీ ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. 1965లో మృణాల్ సేన్ 'ఆకాశ్ కుసుమ్' తీశారు. స్నేహితుడి కలిమిని తనదిగా చూపించుకుని ఒక పెద్దింటి అమ్మాయికి దగ్గరయ్యే కుర్రాడి కథ. సౌమిత్ర ఛటర్జీ వేశారు. దానిమీద కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక ఉత్తరాల పేజీలో వాదన మొదలైంది. ఇది ఈ కాలపు కథ అని సేన్ వైపువాళ్లు రాశారు. సత్యజిత్ రాయ్ కలగజేసుకుని, పైమెరుగులకు మోజుపడిన కాకి కథంత పాతది అన్నారు. వారాల తరబడి ఉత్తరాలే ఉత్తరాలు. 'కాకి సినిమా కాకి సినిమాయే' అని రాయ్ తేల్చేశారు.

ఆ సినిమా మా ఊరు చేరడానికి ఏళ్లు పట్టింది. కాకి మాత్రం ముందే వచ్చి కూర్చుంది. రైల్వే పార్సిలాఫీసు నుంచి రీళ్ల డబ్బాలు రిక్షాలో తెచ్చింది నేనే. షోకి ముందు మాట్లాడిన పెద్దాయన ఆ కాకి సంగతి చెప్పారు, అందరం నవ్వాం. సినిమాలో అక్కడక్కడా కదిలే బొమ్మ ఆగిపోయి ఫోటోలా నిలబడుతుంది. అలా ఆగినప్పుడల్లా వెనక నుంచి ఎవరో 'కావ్' అనడం. మూడోసారి నేనూ అన్నాను. రాత్రి డబ్బాలు స్టేషన్లో అప్పగించి నడిచి వస్తూ ఆ కుర్రాడి మొహం గుర్తు చేసుకుందామంటే రాలేదు. సినిమా అంతా కూర్చుని కూడా నేను చూడలేదు తల్లీ. ఎన్నో ఏళ్ల తర్వాత నువ్వు లాప్‌టాప్‌లో పెట్టిచ్చినప్పుడు చూశాను. అబద్ధం బయటపడే చోట గొంతు పట్టేసింది.

సేన్ 1969లో 'భువన్ షోమ్' తీస్తే జాతీయ ఉత్తమ చిత్రం అయింది. రాయ్ దాన్నీ ఏడే ఏడు ఇంగ్లిష్ మాటల్లో చెప్పేశారు, పల్లెపిల్ల వల్ల మారిన పెద్ద ఆఫీసరు అని. 1977లో సేన్ మన తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథతో. అప్పటికీ మా సొసైటీలో ఆయన్ని కాకి సినిమా ఆయన అనేవాళ్లున్నారు.

రాయ్ అంటే నాకు ప్రాణం. ఆయన 'పథేర్ పాంచాలి'లో అక్క పేరు దుర్గ, నీకు ఆ పేరు పెట్టింది అందుకే కదా. ఆయన అన్నదాంట్లో నిజం లేదనను. కానీ టికెట్ కొనుక్కున్నవాడు బాగాలేదంటే అది వాడి అభిప్రాయం. సినిమా తీసే మనిషే ఆ మాట అంటే లోపలి గుట్టు తెలిసి అన్నట్టు తీసుకుంటారు జనం. ఆ తర్వాత వచ్చేవాళ్లు ఆ మాట నిజమా కాదా అని చూడ్డానికే వస్తారు. శనివారం షోలు ఎందుకు తగ్గాయో నాకు తెలీదు, నీ మాట వల్లే అని నేననను. సెకండాఫ్ నాకూ సాగదీసినట్టే ఉంది. ఆ మాట ఎడిటింగప్పుడే వాడి ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. వాడు పిలవలేదా, లేక పిలిచినా నువ్వు వెళ్లలేదా? మీరిద్దరూ డాబా మీద తెల్లవార్లూ మొదటి కథ రాసుకున్న రోజున మీ అమ్మ మూడుసార్లు టీ పెట్టింది.

ఇక చాలంటోంది మీ అమ్మ. రాత్రిపూట బండి మీద కృష్ణానగర్ నుంచి ఒక్కదానివే రావద్దు. హెల్మెట్ బెల్టు తెగిందన్నావు, కొత్తది కొనుక్కో. డబ్బులు వేశాను.

శనివారం గౌతమిలో బాబాయి వస్తున్నాడు. రెండు ఆవకాయ సీసాలు పంపిస్తున్నాను. మూతకి ఎర్రదారం కట్టింది మేడమీది వాడిది, వెల్లుల్లి వెయ్యలేదు. అది బాబాయి చేత పంపకు, నువ్వే వెళ్లి ఇచ్చి రా. నూనె కారుతుంది, నిలువుగా పట్టుకో.

నాన్న