శీనుగాడికి, కొలారెష్ వగరు గురించి

లిస్బన్
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనుగా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టు, పడతాను. ఉద్యోగం మామూలే, ఇల్లు మారాను, మోకాలి నొప్పి తగ్గింది, అమ్మకి రోజూ ఫోన్ చేస్తున్నాను. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి విను.

నిన్న కొలారెష్ వెళ్లాను. కోలార్ కాదు, బంగారు గనులంటూ మొదలెట్టకు! లిస్బన్ దగ్గర సింత్రా అనే ఊరు దాటాక సముద్రం వైపున్న చిన్న ఊరు, అక్కడ వైన్ చేస్తారు. సింత్రా నుంచి బీచ్ దాకా 1904 నాటి ట్రాము ఒకటుంది, నిజానికి దానికోసమే బయల్దేరాను. కాలు పెట్టే చోటు లేక చివరికి బస్సెక్కాను, అది వేరే ఏడుపు.

ద్రాక్షతోట అంటే మనకి పందిళ్లే కదా. ఇక్కడ తీగలు ఇసుకలో పాకుతున్నాయిరా, పుచ్చపాదుల్లా! సముద్రపు గాలి కొట్టకుండా చుట్టూ రెల్లు తడికలు. కాయ పండే వేళకి వేడి ఇసుక తగలకుండా చిన్న చిన్న కర్రలు పెట్టి తీగని లేపుతారట. ఈ ద్రాక్ష పేరు రమిష్కో. పోర్చుగల్‌లోనే చాలామందికి తెలియదు.

నాటడం ఇంకా విచిత్రం. వేరు ఇసుక కిందున్న బంకమట్టిని అందుకోవాలి. అందుకని మనిషి లోతు దాటి గొయ్యి తవ్వి, అడుగున నాటేవారు. గట్టు కూలి ఇసుక మీద పడితే ఊపిరాడాలని కూలీలు తల మీద బుట్ట బోర్లించుకుని దిగేవారట. అది వినగానే మీ తాతగారి బావిలో నువ్వు దిగిన రోజు... సరేలే, ఆ మాట ఇప్పుడొద్దు.

19వ శతాబ్దంలో ఫిలోక్సెరా అనే పురుగు వేళ్లు తినేసి యూరప్ తోటల్ని ఊడ్చేసింది. మిగతావాళ్లు చాలామంది ఆ పురుగుని తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద అంటు కట్టుకున్నారు. ఇసుకలో మాత్రం ఆ పురుగు ఆటలు సాగలేదు. రమిష్కో ఇప్పటికీ సొంత వేరు మీదే నిలబడింది! కానీ పురుగు చేయలేని పని ఇళ్ల స్థలాలు చేశాయి. సముద్రం పక్కన ఇల్లంటే లిస్బన్ జనానికి మోజు, తోటలు కొంచెమే మిగిలాయి. నీలాంటి ప్లాట్ల వాళ్లేరా, ఇంకెవరు!

1931 నుంచి ఉన్న సహకార సంఘం ఒకటుంది అక్కడ. లోపల ఏనుగంత చెక్క పీపాలు, చల్లగా తడి చెక్క వాసన. గ్లాసులో రమిష్కో వైన్ పోశారు. రంగు పలచగా ఉంది, ఇంతేనా అనుకున్నాను. గుటక వేశానో లేదో, వగరు! బడి వెనక నేరేడుకాయలు తిని నోరు తెరవలేకపోయావే, మాస్టారు ఎక్కం అప్పజెప్పమంటే? అదే నాలుక, అదే బిగుసుకుపోవడం. నా మొహం చూసి పోసినాయన నవ్వాడు. ఇది పసిపిల్లాడు, ఏళ్లు ఆగాలన్నాడు. పాతది ఇంకో సీసా తీశాడు. పులుపు అలాగే ఉంది, వగరు మాత్రం మెత్తబడింది. వాసన వాళ్లకి చెర్రీ అట. నాకైతే మీ అమ్మమ్మ డాబా మీద ఆరబెట్టిన రేగి వడియాలు! కళ్లలో నీళ్లు తిరిగాయిరా, ఎందుకో...

అరలీటరు సీసా ఒకటి కొన్నాను. ధర అడగకు. నువ్వొచ్చేదాకా తెరవను, వీసా సంగతి నువ్వు

అయ్యో, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క తప్పింది! ఉంటా.

నీ
బుజ్జి