ఎత్తు కొలిచాకే టికెట్ కొనండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వేసవి సెలవులు వచ్చాయంటే హైదరాబాద్‌లో పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే చర్చ: వండర్‌లా రైడ్ల పార్కుకా, రామోజీ ఫిల్మ్ సిటీకా? ఆ చర్చ తెగకముందే ఎవరో ఒకరు ఫోన్ తీసి అందరికీ టికెట్లు కొనేస్తారు. ముందుగా కొనడం మంచిదే. ఆదివారాల్లోనూ, బడులు తెరిచే ముందు వారంలోనూ కౌంటర్ దగ్గర ఎండలో నిలబడే బాధ తప్పుతుంది. కానీ షరతులు చూడకుండా డబ్బు కట్టేసి, తీరా గేటు దగ్గరికి వెళ్లాక గొడవ పడాల్సి వస్తోంది.

పెద్ద చిక్కంతా పిల్లల టికెట్‌తోనే. బస్సుల్లో, రైళ్లలో వయసు చెప్పి టికెట్ తీసుకోవడం మనకు అలవాటు. వండర్‌లాలో చూసేది ఎత్తు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం, అక్కణ్నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. పదకొండేళ్ల అమ్మాయి 142 ఉంటే ఆధార్ కార్డు చూపించినా తేడా డబ్బు కట్టాల్సిందే. కాబట్టి చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట అడ్డంగా పెట్టి గీత గీయండి. నేల నుంచి ఆ గీత దాకా టేపుతో కొలవండి. నిరుడు కొలిచిన లెక్క ఈ ఏడు పనికిరాదు, పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు.

ఆ కొలతతో ఇంకో పని కూడా ఉంది. ఒళ్లు గగుర్పొడిచే రైడ్లు చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. అది అందని పిల్లాడికి ఎక్కువ డబ్బు పోసి ఫాస్ట్‌ట్రాక్ (రైడ్ల దగ్గర పెద్ద క్యూ తప్పించే టికెట్) కొనడం శుద్ధ దండగ. పొట్టి పిల్లలతో వెళ్లేవాళ్లు మంగళవారమో బుధవారమో ఎంచుకుంటే చాలు, దాని అవసరమే రాదు. పైగా వారాంతాల కన్నా మామూలు రోజుల్లో ధర తక్కువ.

రైడ్లు ఎక్కని తాతయ్య, అమ్మమ్మలను తీసుకెళ్తుంటే ఫిల్మ్ సిటీయే నయమని మా అభిప్రాయం. అక్కడ బస్సులో కూర్చోబెట్టి సెట్లు తిప్పి చూపిస్తారు. అది విజయవాడ హైవే మీదే ఉంది కాబట్టి ఖమ్మం, గుంటూరు వైపు నుంచి కారులో వచ్చే చుట్టాలు ఊళ్లోకి వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లే పని లేకుండా దారిలోనే చూసేయవచ్చు. రావిర్యాల దగ్గరున్న వండర్‌లాకు వేరే రోజు పెట్టుకోవాలి. రెండూ ఒకే రోజంటే దేనికీ న్యాయం జరగదు.

తేదీ వేసిన టికెట్ ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. పిల్లకు జ్వరమొస్తే తేదీ మార్చుకోవచ్చా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది చదివాకే కట్టండి. ఆఫీసులో సెలవు ఖాయమయ్యాక, వారం పది రోజుల ముందు కొంటే సరిపోతుంది. పేజీలో కనిపించే ధరకూ చివర్లో కట్టే మొత్తానికీ తేడా ఉండొచ్చు, జీఎస్టీ కలిపారో లేదో చూసుకోండి. నీటి రైడ్లకు కాటన్ బట్టలు పనికిరావు, నైలాన్‌వి ఇంటి నుంచే తీసుకెళ్లండి. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి భోజనం ఖర్చు కూడా ముందే లెక్కేసుకోవాలి.

టికెట్ల కోసం నెట్‌లో వెతగ్గానే పైన కనిపించే ప్రకటనల లింకుల్లో పార్కు పేరుతో నకిలీ సైట్లు ఉంటాయి. సగం ధరకే టికెట్ అని వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపినా, రీఫండ్ ఇస్తాం యూపీఐ పిన్ కొట్టండి అన్నా అది మోసమే. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే ఆ డబ్బు ఖాతాలు మారిపోయి పట్టుకోవడం కష్టమవుతుంది.

పార్కుల యాజమాన్యాలకు మా విన్నపం ఒకటే. ఎత్తు నిబంధన, తేదీ మార్పు షరతులు ఎక్కడో అడుగున ఇంగ్లిష్‌లో పెట్టకండి. ఎన్ని టికెట్లు కావాలో నొక్కే చోటే, డబ్బు కట్టకముందే తెలుగులో కనిపించేలా పెట్టండి.

ఇట్లు,
టికెట్ బుకింగ్ కేంద్రం నిర్వాహకులు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్