మోషీలో బడి దాకా తోడొచ్చిన అమ్మకు

టాంజానియాలోని మోషీలో, ప్రాథమిక పాఠశాలలో వాలంటీర్‌గా పాఠాలు చెప్పడానికి వెళ్లాను. మర్నాడు ‘సా మోజా’కి రమ్మన్నారు. మోజా అంటే ఒకటి కదా, మధ్యాహ్నమే అనుకున్నాను. దలదలా (మినీబస్సు) స్టాండ్ దగ్గర అరటిపళ్లు అమ్ముతున్న మీరే సరిదిద్దారు. అక్కడి భాష స్వాహిలీలో గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కట. సా మోజా అంటే ఉదయం 7. ఎంత టెన్షన్ తప్పించారో!

పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకునే బడి గేటు దాకా నాతో నడిచారు. పిల్లలు ‘షికమో’ అని నమస్కరిస్తే ‘మరహబా’ అనాలని దారిలోనే నేర్పారు. లోపలికెళ్లగానే క్లాసంతా లేచి షికమో అంది. తడబడకుండా జవాబిచ్చాను. పిల్లల ముఖాలు వెలిగిపోయాయి.

మీ పేరు అడగనేలేదు. అసాంతే సానా, మామా. చాలా థ్యాంక్స్, అమ్మా.