పాత స్పోర్ట్స్ కార్లకు ఇకపై ముందు రీకాల్, ఆ తర్వాతే రిపేరు

హ్యూస్టన్‌లో మన షాపుకు పాత మస్టాంగ్‌లు, ఆర్‌ఎక్స్-8లు, బాక్స్‌టర్‌లు తెచ్చే వాళ్లందరికీ ఒక మాట. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (లోపమున్న భాగాన్ని కార్ల కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా మార్చడం) పెండింగ్‌లో ఉన్న కారుకు ఈ నెల నుంచి మేం వేరే పని మొదలుపెట్టం. ముందు డీలర్ దగ్గర ఎయిర్‌బ్యాగ్ మార్పించుకుని రండి. మీకు ఒక్క డాలర్ కూడా ఖర్చు కాదు. మీ పని కాస్త ఆలస్యమవుతుందని తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో మొహమాటపడలేను.

ఆ ఎయిర్‌బ్యాగుల్లో గ్యాస్ కోసం వాడింది అమ్మోనియం నైట్రేట్. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే అది పాడవుతుంది. గుద్దుకున్నప్పుడు లోపలి ఇనుప డబ్బా పగిలి, ఆ ముక్కలు డ్రైవర్ మెడకీ ముఖానికీ దిగుతాయి. అమెరికాలోనే 25 మందికి పైగా ఇలా చనిపోయారు. మన ఊరి ఎండ, ఉక్కపోత సంగతి మీకు చెప్పాలా?

2005 నుంచి 2014 వరకు వచ్చిన మస్టాంగ్‌లు ఈ రీకాల్లో ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు కంపెనీ పంపిన రీకాల్ ఉత్తరం అందకపోయి ఉండొచ్చు. ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డ్ మీదుండే 17 అక్షరాలు, అంకెల విన్ నంబర్‌ను (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు నంబర్) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. యాక్సిడెంట్ అయిన కారైతే అదీ సరిపోదు. జంక్‌యార్డ్ నుంచి తెచ్చిన ఎయిర్‌బ్యాగ్ బిగించి ఉంటే విన్ నంబర్‌లో ఆ సంగతి కనపడదు. అలాంటి కార్ల గురించి ముందే చెప్పండి, ఏ ఎయిర్‌బ్యాగ్ ఉందో చూపిద్దాం.

ఇంకోటి. రీకాల్ లేదంటే ఇంజిన్ గట్టిదని అర్థం కాదు. 2005కి ముందు బాక్స్‌టర్‌లలో ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే కడ్డీని మోసే బేరింగ్) పోతే ఇంజిన్ మొత్తం పోతుంది, దానికి రీకాల్ రాలేదు. అందుకే ఆయిల్ మార్చినప్పుడల్లా పాత ఫిల్టర్‌ను కోసి, కాగితపు మడతలు విప్పి మీ ముందే చూపిస్తాం. మెరిసే ఇనుప రజను కనిపిస్తే కారు నడపకండి, టో చేయించండి. క్లచ్ పనికి గేర్‌బాక్స్ ఎలాగూ దించుతాం కాబట్టి బేరింగ్ కూడా అప్పుడే మార్చుకుంటే లేబర్ కలిసొస్తుంది. మార్చినా జీవితకాలం గ్యారంటీ మాత్రం ఇవ్వలేను.

అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు విన్ ప్లేట్ ఫోటో, ఓడోమీటర్ రీడింగ్ పంపండి. రీకాల్ చూసి, ఏ పని ముందు చేయాలో ఆ రోజే చెప్తాం. చూసినందుకు ఫీజు లేదు.