ప్రెయిరీ క్రీక్ రెడ్‌వుడ్స్ క్యాంపింగ్‌కు సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఉత్తర కాలిఫోర్నియాలోని ప్రెయిరీ క్రీక్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో పిల్లలతో, పెద్దవాళ్లతో క్యాంపింగ్ చేసి అందరం క్షేమంగా తిరిగొచ్చాం. సలహాలిచ్చినవాళ్లకు, సామాను అరువిచ్చినవాళ్లకు, పార్కులో దగ్గరుండి చూపించినవాళ్లకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. పేర్లు రాయడం లేదు గానీ ఎవరి సాయం ఏమిటో వివరంగా రాస్తున్నాం. వచ్చే వేసవికి వెళ్లేవాళ్లకు పనికొస్తుంది.

ముందుగా బుకింగ్ చూసుకున్న ఫ్రీమాంట్ మిత్రులకు. క్యాంపు స్థలాలు బుక్ చేసే రిజర్వ్‌కాలిఫోర్నియా వెబ్‌సైటులో సరిగ్గా 6 నెలల ముందు, ఉదయం 8 గంటలకు తేదీలు తెరుచుకుంటాయి. వేసవి వారాంతాలు ఇట్టే అయిపోతాయి కాబట్టి అంతకుముందే లాగిన్ అయి, నచ్చిన క్యాంప్‌సైటు నంబర్లు మూడు నాలుగు రాసి పెట్టుకోవాలి. పార్కులో క్యాంపుగ్రౌండ్లు రెండు. గోల్డ్ బ్లఫ్స్ బీచ్ సముద్రం ఒడ్డునే ఉంటుంది, గాలి ఎక్కువ. అక్కడికి వెళ్లే డేవిసన్ రోడ్డు ఇరుకు మట్టి దారి. ట్రైలర్లను, 24 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. పెద్దవాళ్లతో వెళ్తే రెండోదైన ఎల్క్ ప్రెయిరీయే మేలని వాళ్లు చెప్పిన మాట అక్షరాలా నిజం. పెట్రోలు ఆర్కేటా ఊళ్లోనే నింపుకోమన్నదీ, మ్యాపులు ఫోనులో ముందే దించుకోమన్నదీ వాళ్లే. పార్కులో సిగ్నల్ ఉండదు.

పక్క సైటులోని పెద్దాయనకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. వేసవిలో అక్కడ వాన దాదాపు ఉండదు, అయినా టెంటు తడుస్తుంది. సముద్రం మీంచి వచ్చే పొగమంచు రెడ్‌వుడ్ అనే ఆ ఎత్తైన చెట్ల ఆకులకు పట్టి, చినుకులై రాత్రంతా కిందికి రాలుతుంది. ఆ చెట్లు వేసవి గట్టెక్కడానికి ఆ నీరు ఎంతో అవసరం, మన టెంటుకు మాత్రం ఇబ్బంది. ఆయన చూపించినవి ఇవి. కింద వేసే గ్రౌండ్‌షీటు టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే ఫ్లై (టెంటు పైకప్పు గుడ్డ) మీంచి జారిన నీరు దాని మీద చేరి టెంటు అడుక్కి పోతుంది, అందుకని చుట్టూ రెండేసి అంగుళాలు లోపలికి మడవాలి. చలని ఫ్లైకి గాలాడే కంతలు (వెంట్లు) మూసేస్తే ఊపిరిలోని తేమ లోపలి గుడ్డకు పట్టి తెల్లారేసరికి దుప్పట్ల మీద కారుతుంది, కాబట్టి వెంట్లు తెరిచే ఉంచాలి. బల్ల మీద కట్టే టార్పుకు (పైన కప్పే షీటుకు) ఒక మూల కిందికి వంచితే నీళ్లు అటే పోతాయి. సమంగా బిగిస్తే మధ్యలో సంచిలా నిండుతాయి. ఈకల స్లీపింగ్ బ్యాగులు తేమకు ఉండలు కట్టి వెచ్చదనం పోతుంది, సింథటిక్‌వే నయం. జూలైలో కూడా రాత్రిళ్లు 10 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతుంది. జీన్స్ తడిస్తే ఆరవు.

అన్నిటికంటే పెద్ద సాయం క్యాంప్ హోస్ట్ (క్యాంపుగ్రౌండులోనే ఉండి చూసుకునే) అమ్మగారిది. మన తెలుగు కుటుంబాలన్నీ వినాల్సిన సంగతి ఇది. మార్బుల్డ్ మర్‌లెట్ అనే సముద్రపు పక్షి ఇలాంటి పాత చెట్ల మీద గుడ్డు పెడుతుంది. గూడు కట్టదు. వెడల్పాటి కొమ్మ మీది నాచులో ఒకే ఒక్క గుడ్డు. మనం రాల్చిన మెతుకులకు అలవాటుపడిన స్టెల్లర్స్ జేలు అనే నీలి పిట్టలు, బొంత కాకులు క్యాంపుగ్రౌండు చుట్టూ పెరిగిపోతాయి, ఆ గుడ్లనూ పిల్లలనూ తినేస్తాయి. అందుకే అక్కడ ఒక్క మెతుకు కూడా కింద పడనివ్వకూడదని అంత గట్టిగా చెబుతారు.

పులిహోర తిన్నాక బల్ల చెక్కల సందులు చూడండి. పసుపు మెతుకులు, వేరుశనగ పలుకులు, ఆవాలు వరసగా ఇరుక్కుని ఉంటాయి. చేత్తో తుడిస్తే రావు, పైగా సగం నేల మీద పడతాయి. ఆవిడ చెప్పిన ఉపాయం చక్కగా పనిచేసింది. వడ్డించేముందే బల్ల మీద పాత ప్లాస్టిక్ షీటు పరవడం, తిన్నాక నాలుగు మూలలూ కలిపి మూటకట్టి చెత్తడబ్బాలో వేయడం. గిన్నెలు పంపు దగ్గర కడగకూడదు. ఎంగిలి నీళ్లు జల్లెడలో వడగట్టి మెతుకులు చెత్తలోకి, నీళ్లు పార్కువాళ్లు చూపించిన చోటికి. పొడులు, ఆవకాయ, నెయ్యి, టూత్‌పేస్టు, సబ్బు, అన్నీ రాత్రి ఎలుగుబంటి పెట్టెలోకే (ఎలుగుబంట్లు తెరవలేని గట్టి పెట్టెలోకే) పోవాలి; టెంటులో ఏదీ ఉంచొద్దు. తాలింపు పెట్టిన మూకుడు కూడా తుడిచి అందులోనే పెట్టాలి.

నడక దారులు విడమరిచి చెప్పిన రేంజర్ గారికి కృతజ్ఞతలు. విజిటర్ సెంటర్ నుంచి జేమ్స్ ఇర్విన్ ట్రెయిల్‌లో ఫెర్న్ కాన్యన్ అనే ఇరుకు లోయకు వెళ్లి, మైనర్స్ రిడ్జ్ మీదుగా తిరిగొస్తే సుమారు 12 మైళ్లు. ఆరేడు గంటల పని, పెందలాడే బయల్దేరాలి. కాన్యన్‌లో దారంతా వాగులోనే, పడిన దుంగలు దాటుకుంటూ నడవాలి. పట్టున్న, తడిసినా ఫర్వాలేని బూట్లు, ఒక జత పొడి మేజోళ్లు దగ్గరుంచుకోండి. మే 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు అక్కడికి కారులో వెళ్లాలంటే ముందస్తు పర్మిట్ కావాలి. దారి వదిలి చెట్టు మొదలు దగ్గరికి ఫొటోకి వెళ్లొద్దని కూడా ఆ రేంజర్ గారు చెప్పారు. 300 అడుగుల చెట్టుకైనా తల్లివేరు లేదు, వేళ్లు పైపైనే చాలా దూరం పాకుతాయి. తొక్కితొక్కి మట్టి గట్టిపడితే వాటికి గాలీ నీరూ అందవు.

మైదానంలో మేసే రూజ్‌వెల్ట్ ఎల్క్‌లకు (పెద్ద జింకలకు) కనీసం 75 అడుగుల దూరం పాటించండి. దూడలున్న తల్లులు, శరదృతువులో మగవి మీదికొస్తాయి.

అరువు తెచ్చిన టార్పులు, పోల్స్ ఆరబెట్టి ఎవరివి వాళ్లకు చేర్చేశాం. మావి రెండు టార్పులు, ఒక జల్లెడ, మడతపెట్టిన ప్లాస్టిక్ షీట్లు ఉన్నాయి. ఎవరైనా వెళ్తుంటే మొహమాటపడకుండా అడగండి, ఇస్తాం.