కుక్కపిల్ల తూకం సరే, నీ సంగతి?

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం కులాసా. మహేంద్రతనయలో నీళ్లు పెరిగాయి. మీ నాన్న పొద్దున్నే ఏటిగట్టు దాకా నడిచి వస్తున్నారు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కదా, అందుకని ఈ ఉత్తరం. బరంపురం పెద్దమ్మ ఏదో అంది గానీ నేను పట్టించుకోలేదు.

కుక్కపిల్లకి పచ్చిమాంసం పెడుతున్నావట. పెట్టు, కాకపోతే కంటి అంచనాతో వద్దు. రెండున్నర నెలల పిల్లకి రోజుకి దాని బరువులో ఎనిమిది నుంచి పది శాతం కావాలి. ఐదు కిలోలుంటే 400 గ్రాములు చాలు. అందులో మాంసం 320, పచ్చి ఎముక 40, కార్జం 20, కిడ్నీ 20. కోడి మెడలు వేస్తే వాటికున్న కండ మాంసం లెక్కలోకే వస్తుంది. నాలుగు పూటలుగా పెట్టు. వారం వారం తూచి మళ్లీ లెక్క వేసుకో. ఎదిగేకొద్దీ శాతం తగ్గాలి, పెద్దదయ్యాక రెండు మూడు చాలు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు. నువ్వూ చిక్కిపోయావని పెద్దమ్మ అంటోంది.

ఎముక మాత్రం మానకు. గుణుపురం మావయ్య కుక్క రాజుగాడి సంగతి నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు పాకుతున్నావు. మావయ్య ముద్దుకొద్దీ ఎముకలన్నీ ఏరేసి మెత్తటి ముక్కలే పెట్టేవాడు. అత్త వద్దన్నా వినలేదు. కొన్నాళ్లకి దాని ముందుకాళ్లు విల్లులా వంగిపోయాయి. అరుగెక్కలేక కింద నిలబడి మూలిగేది. పశువుల డాక్టరు చూసి, ఉత్త మాంసంలో భాస్వరమే తప్ప కాల్షియం పెద్దగా ఉండదు, ఒళ్లు తన ఎముకల్లోంచే లాగేసుకుంటోంది అన్నాడు. మందులతో కోలుకుంది గానీ నడక సరికాలేదు. మావయ్య ఆ బెంగతో చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నువ్వు తింటున్నావా?

ఎముక ఎక్కువైనా దొడ్డికి గట్టిగా, తెల్లగా వెళ్తుంది, చూసుకో. ఉడికించిన ఎముక అసలు వద్దు, చీలి పేగుకి గుచ్చుకుంటుంది. మాంసం కత్తి, పలక వేరే పెట్టుకుని సబ్బుతో చేతులు కడుక్కో. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించు.

రాత్రిళ్లు బ్రెడ్డు తిని పడుకుంటున్నావటగా. దానికి గ్రాములతో సహా తూచి పెడుతూ నువ్వు గుప్పెడు బియ్యం వండుకోలేవా? ఆదివారం భువనేశ్వర్ వస్తున్న పాపారావు చేత చింతకాయ పచ్చడి, కందిపొడి పంపుతున్నాను. కందిపొడిలో వెల్లుల్లి ఉంది, కుక్కపిల్లకి అస్సలు పెట్టకు. నువ్వు మాత్రం నెయ్యి వేసుకుని తిను. శనివారం రాత్రి ఫోన్ ఎత్తు.

అమ్మ