బుడమేరు మళ్ళీ పొంగేలోపు గుణదల కొండ మీద ఒక చిన్న చోటివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బుడమేరు గట్ల గురించి, కాలవల పూడిక గురించి మీ పేపర్లో వచ్చేవన్నీ చదువుతూనే ఉన్నానండి, అవన్నీ జరగాల్సిన పనులే, కానీ వరదలో ఫోన్లు పోతే ఎవరికేం కావాలో చెప్పుకునే దారేంటన్న విషయం ఎవరూ ఎత్తట్లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం మా పాయకాపురంలోకి నీళ్ళొచ్చినప్పుడు మేడెక్కి ప్రాణాలైతే దక్కించుకున్నాం గానీ, సాయంత్రానికి ఫోన్లో సిగ్నల్ గీతలు పోయాక అసలు భయం మొదలైంది.

నేను పద్దెనిమిదేళ్ళుగా కేబుల్, ఇంటర్నెట్ లైన్ల పని చేస్తున్నా, అందుకని ఫోన్లు ఎందుకు పోయాయో నాకు కొంచెం తెలుసు. నీళ్ళొస్తే ముందు కరెంటు తీసేస్తారు, తీయకపోతే షాక్ కొట్టి మనుషులు పోతారు, అది తప్పదు. టవర్ కొన్ని గంటలు బ్యాటరీ మీద నడుస్తుంది, తర్వాత జనరేటర్, ఆ జనరేటర్ నేల మీదే ఉంటుంది, అది మునిగినా, డీజిల్ పోసే కుర్రాడు రాలేకపోయినా టవర్ ఆగిపోయినట్టే. మా ఫైబర్ కూడా అంతే, వైరు నీళ్ళలో నానినా ఏం కాదు, వీధి చివర డబ్బాలో ఉండే స్విచ్‌కి కరెంటు కావాలి కదా.

మా డాబా మీద నాలుగు కుటుంబాలం ఉన్నాం. పక్కింటి పిన్నిగారికి షుగరు, ఇన్సులిన్ అయిపోయింది. సోమవారం బోటు వచ్చినప్పుడు మా పాప నోటుబుక్కులోంచి కాయితం చింపి ఆవిడ పేరు, డోర్ నంబరు, మందు పేరు రాసి, పాల కవర్లో చుట్టి బోటు అబ్బాయి చేతికిచ్చాం. అతను చొక్కా జేబులోంచి తీసి చూపించాడు, అప్పటికే అలాంటి చీటీలు ఇరవై ముప్ఫై ఉన్నాయి, సగం తడిసి ఇంకు పాకిపోయి అక్షరాలే కనపడట్లేదు. "ఒడ్డుకెళ్ళాక ఇస్తానండీ, ఎవరికివ్వాలో అక్కడ అడగాలి" అన్నాడు. ఆ పిల్లాడిది తప్పేం లేదు, పొద్దున్నించీ తిండి లేకుండా తిరుగుతున్నాడు. మందు మంగళవారం మధ్యాహ్నానికి వచ్చింది, దేవుడి దయవల్ల పిన్నిగారికి ఏం కాలేదు. అదే వారంలో డ్రోన్లతో మేడల మీదకి అన్నం పొట్లాలు వచ్చాయి, అది నేను కళ్ళారా చూశా, చాలా గొప్పగా చేశారు, కానీ ఏ మేడ మీద ఎవరికి ఏం కావాలో చెప్పే దారి మాత్రం ఆ తడిసిన చీటీలే.

ఆ తర్వాతే నేను హామ్ రేడియో గురించి, అంటే మామూలు మనుషులు లైసెన్స్ తీసుకుని సొంత సెట్లతో ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునే రేడియో గురించి చదవడం మొదలుపెట్టా (అలాంటివాళ్ళని హామ్‌లు అంటారు), పరీక్ష రాసి లైసెన్స్ కూడా తీసుకున్నా. 2004 సునామీ అప్పుడు అండమాన్‌తో మామూలు ఫోన్లు తెగిపోతే, హామ్ ప్రోగ్రామ్ కోసం అప్పటికే పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి ఉన్న భారతి ప్రసాద్ గారి టీము రేడియోలోనే మెసేజ్‌లు చేరవేసింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వైజాగ్‌లో టవర్లు పడిపోయినప్పుడు కూడా హామ్‌ల అవసరం తెలిసొచ్చింది. చేతిలో సెట్టు, మేడ మీద ఏంటెనా, ఒక బ్యాటరీ, ఇంతే, ఏ కంపెనీ టవర్ మీదా ఆధారపడక్కర్లేదు.

కానీ గొంతుతో చెప్పేదానికి ఒక ఇబ్బంది ఉంది, ఒక్కసారి ఒక్కళ్ళే మాట్లాడాలి. మన బెజవాడ డోర్ నంబర్లు మీకు తెలియంది కాదు, రెండు గీతలు, ఒక బై, మళ్ళీ ఒక అక్షరం, అలాంటివి రెండొందలు మందుల పేర్లతో సహా రేడియోలో చదివితే అవతలివాళ్ళు రాసుకునేసరికి తెల్లారుతుంది, పైగా తప్పులు. అక్కడ కావాల్సింది డేటా, అంటే లిస్టు లిస్టంతా ఒక్కసారి వెళ్ళిపోవాలి, గాయం ఫోటో డాక్టర్‌కి కనపడాలి.

దీనికి దారి అమెరికాలో హామ్‌లు ఎప్పుడో కనిపెట్టారండి. పాత లింక్‌సిస్ వైఫై రూటర్లలో సాఫ్ట్‌వేర్ మార్చి మొదలుపెట్టారు, ఇప్పుడు ఏఆర్‌ఈడీఎన్ (హామ్‌ల ఎమర్జెన్సీ డేటా నెట్‌వర్క్) అనే పేరుతో యూబిక్విటీ, మైక్రోటిక్, టీపీ లింక్ కంపెనీల రేడియోల మీద నడుపుతున్నారు. మా ఇంటర్నెట్ వాళ్ళం ఒక డాబా నించి ఇంకో డాబాకి నెట్ పంపడానికి బిగించేవి కూడా అలాంటి డిష్ రేడియోలే. ఆన్ చేస్తే చుట్టుపక్కల ఉన్న తోటి రేడియోల్ని అవే వెతుక్కుంటాయి, మధ్యలో ఒకటి ఆగిపోతే ఇంకో దారి ఉన్నంతవరకు అటు తిప్పి పంపుతాయి. బయటి ఇంటర్నెట్ లేకపోయినా లోపల చాటింగ్, ఫైళ్ళు, ఫోన్ కాల్స్, కెమెరాలు నడుస్తాయి, నీళ్ళు రాని ఏరియాలో ఒక్క చోట నెట్ ఉంటే దాన్ని అందరికీ పంచొచ్చు కూడా.

పోయిన వేసవిలో నేనూ నా ఫ్రెండూ చేసి చూశాం. వాడి ఇల్లు గుణదల కొండ వాలులో, నాది పాయకాపురంలో, మధ్యలో మూడు కిలోమీటర్ల పైనే ఉంటుంది. ముందు అస్సలు లింక్ పట్టలేదు, గంటసేపు ఎండలో తిప్పాక తెలిసింది, ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు అడ్డు. పైపు ఇంకో అయిదడుగులు పెంచి, డిష్‌ని బొటనవేలంత మందం పక్కకి జరిపితే సిగ్నల్ మైనస్ 80 నించి మైనస్ 61కి వచ్చింది (సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ), 30 ఎంబీపీఎస్ దాకా స్పీడ్ వచ్చింది. సిమ్ తీసేసిన ఫోన్లో మా పాప నా ఫ్రెండ్ పిల్లలతో వీడియోలో మాట్లాడింది. కరెంటు ఎంత తింటుందో కూడా కొలిచా, ఎనిమిది వాట్లు. మన ఇళ్ళలో ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో సగమే లెక్కేసుకున్నా నాలుగు రోజులు నడుస్తుంది. వాన ఈ దూరానికి పెద్ద అడ్డు కాదు, తడిసిన చెట్లు మాత్రం అడ్డే, అందుకే ఎత్తు కావాలి.

లైసెన్స్ సంగతి కూడా చెప్పాలి. ఈ డిష్ రేడియోలు వాడే 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో చాలా భాగాన్ని 2018లోనే కేంద్రం లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది, పవర్ ఎంతలో ఉండాలో చెప్పారు, ఆ లిమిట్లో ఉంటే చాలు. హామ్ బ్యాండ్లలో మెసేజ్‌ని రహస్య కోడ్‌లో పెట్టకూడదు, కాబట్టి రోగుల వివరాల్లాంటివి ఈ లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్‌లో పాస్‌వర్డ్ పెట్టి పంపడమే మంచిదని నా అభిప్రాయం. హామ్ సెట్లు పక్కన ఉండాల్సిందే, డేటా పోతే గొంతే దిక్కు. ఆ హామ్ లైసెన్స్ పరీక్ష కూడా భయపడేంతది కాదు, 12 ఏళ్ళు నిండితే రాయొచ్చు, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే మొదటి మెట్టు లైసెన్స్‌కి మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల టెలిగ్రాఫ్ భాష) కూడా అక్కర్లేదు.

మరి ఇబ్బంది ఎక్కడంటే చోటు. గుణదల కొండ మీద ఒకటి, గాంధీ హిల్ మీద ఒకటి, సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వైపు ఎత్తైన వార్డు సచివాలయాల డాబాల మీద ఒక్కోటి, కలెక్టరేట్ మీద ఒకటి ఉంటే ముంపు ఏరియాలో చాలా భాగం కలుస్తుంది. పోయినేడాది ఒక ఆఫీసుకి అర్జీ పెట్టుకుని మూడుసార్లు తిరిగా, వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు గానీ ఇది ఏ సెక్షన్ కిందకొస్తుందో తెలీదన్నారు. ఫైలు అక్కడే ఉంది. నేను డబ్బు అడగట్లేదు, పైపు బిగించుకోడానికి నాలుగడుగుల జాగా, మెట్ల తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఒక పేరు, అంతే అడుగుతున్నా.

2028లో కృష్ణా పుష్కరాలు ఉన్నాయి. ఘాట్ల దగ్గర లక్షలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే టవర్లు బాగున్నా కాల్ కలవదు, తప్పిపోయిన పిల్లాడి ఫోటో అన్ని ఘాట్లకీ వెళ్ళడానికి ఇదే నెట్‌వర్క్ పనికొస్తుంది, అంటే ఇది వరద కోసం దాచిపెట్టి తుప్పు పట్టించే సామాను కాదు. నెలకోసారి ఆన్ చేసి చూడకపోతే మాత్రం నిజంగానే పాడవుతుంది, దానికి మనుషులు కావాలి. ఆ మనుషులు ఊళ్ళోనే ఉన్నారు, కేబుల్ కుర్రాళ్ళం ఎలాగూ రోజూ స్తంభాలూ మేడలూ ఎక్కేవాళ్ళమే.

కలెక్టర్ గారు, కార్పొరేషన్ కమిషనర్ గారు ఈ ఉత్తరం చూస్తే ముందు ఒక్క సచివాలయం డాబాకి పర్మిషన్ ఇప్పించమని మనవి. మొదటి రెండు రేడియోలు, బ్యాటరీ నావే పెడతాను, బిగించడానికి మా కుర్రాళ్ళు నలుగురు ఒప్పుకున్నారు, ఏ ఆదివారం రమ్మన్నా వస్తాం.

ఇట్లు,
ఒక కేబుల్ టెక్నీషియన్,
పాయకాపురం, విజయవాడ